దొరసాని పిల్లలకు రెండో బంతి

పంది కడుపుతో ఉండేది మూడు నెలలు, మూడు వారాలు, మూడు రోజులు. మా చెల్లెలికి కోపం రావడానికి మూడు నిమిషాలు కూడా పట్టదు. ఈ రెండు లెక్కలూ తెలిసినవాడు మా పందుల ఫారంలో సుఖంగా బతకగలడు. తెలియనివాడికి ఏమవుతుందో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందుగా మా చెల్లెలి సంగతి. తన గొప్ప తను చెప్పుకోదు. చెప్పడానికి అన్నయ్య ఉన్నాడు కదా అని ధీమా. ఫారంలో పందులు ఈనే కొట్టం ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేతిలో ఉంది. ఏడాదికి డెబ్భై ఈతల చొప్పున వేసుకోండి, పద్దెనిమిది వందల ఈతలు దాటాయి. ఈతకు పది పిల్లలనుకున్నా, పద్దెనిమిది వేల ప్రాణాలు ఈ లోకంలోకి వచ్చి మొట్టమొదట చూసిన మొహం మా చెల్లెలిది. ఏ పెద్దాసుపత్రి డాక్టరుకైనా ఉందా ఆ గౌరవం? ఆ పిల్లల్లో నూటికి తొంభై నాలుగు పాలు విడిచేదాకా నిలబడ్డాయి. చుట్టుపక్కల ఫారాల్లో ఎనభై దాటితే స్వీట్లు పంచుకుంటారు. ఇదంతా కోతలనుకోకండి. ఏడో తరగతి ఒకే దెబ్బకు పాసైనవాణ్ణి, అదే ఫారంలో ముప్పై ఒక్క ఏళ్ళు దాణా కొట్టు చూసి దిగినవాణ్ణి, లెక్క తప్పను.

అందరూ ఆమెను మంత్రసాని అంటారు. మొదట్లో వెక్కిరింపుగా అన్నారు. మా చెల్లెలు ఏమీ అనుకోలేదు. “మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి, పేరు కూడా పట్టాను” అంది. ఆ తర్వాత అదే బిరుదైపోయింది. పంది ఎంత బలిసినా నంది కాదు అని ఎవరో ఆమె ఎదుట సామెత చెబితే, “కాకపోతే ఏం? నందికి ఏడాదికి రెండు ఈతలున్నాయా?” అని అడిగింది. ఆ మనిషి ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఆమె కొట్టం చూడాలి మీరు. వరసగా ఎనిమిది గదులు. ప్రతి గదిలో గోడ వెంబడి జానెడు ఎత్తున, జానెడు ఎడంగా ఇనప గొట్టం. తల్లి గోడకు జారబడి పడుకున్నప్పుడు వెనకాల ఇరుక్కున్న పిల్ల నలిగిపోకుండా ఆ గొట్టం కిందనుంచి బయటపడుతుంది. ప్రతి గది మూలా ఒక చెక్కపెట్టె, పైన గొలుసుకు వేలాడే బల్బు. తల్లికేమో చల్లదనం కావాలి, అప్పుడే పుట్టిన పిల్లకేమో వెచ్చదనం కావాలి. ఒకే గదిలో ఎండాకాలమూ చలికాలమూ రెండూ కాపరం చేయాలన్నమాట. ఆ పెట్టెలు చేసింది మా బావ, అంటే మా చెల్లెలి మొగుడు. వడ్రంగి. “మా ఆవిడ నాకు కట్నంగా పందుల్ని తేలేదు కానీ, నా పనితనమంతా వాటికే కట్నంగా పోసింది” అంటాడు. పిల్లలు కుప్పగా ఒకదాని మీద ఒకటి పడుంటే మా చెల్లెలు బల్బు కిందికి దించుతుంది. చెల్లాచెదురుగా పారిపోతే పైకి లాగుతుంది. పక్కపక్కనే చాపమీద పడుకున్నట్టు ఉంటే ముట్టుకోదు. థర్మామీటరు ఉంది. అది మేకుకు వేలాడుతూ ఉంటుంది, పాపం, దాన్నెవరూ అడగరు.

ఇలా ఉండగా యజమానిగారికి మోకాళ్ళు అరిగి, పెత్తనం అల్లుడుగారికి అప్పగించారు. అల్లుడుగారు చెడ్డవాడు కాదు. మాట మెత్తన, చెయ్యి శుభ్రం. పెద్ద ఊళ్ళో, హాస్టళ్ళలో పెరిగినవాడు. పందుల పెంపకం మీద పన్నెండు రోజుల శిక్షణకు వెళ్ళి ఒక సర్టిఫికెట్టూ, ఒక నీలం ఫైలూ, ఒక జత తెల్ల బూట్లూ తెచ్చుకున్నాడు. బూట్లు తొలిరోజే రంగు మారాయి. ఫైలు మాత్రం చంక దిగలేదు. మా వాళ్ళు వెనకాల ఆయన్ని ఫైలుబాబు అనేవాళ్ళు.

దొరసాని ఈనిన రోజున వచ్చింది అసలు పేచీ.

దొరసాని అంటే మా ఫారంలోకెల్లా పెద్ద పంది. నడకలో ఠీవి, చూపులో పొగరు. దాణా ఒక్క నిమిషం ఆలస్యమైతే తొట్టిని మూతితో ఎత్తి పడేస్తుంది. దానికి పద్నాలుగు చన్నులు. అందులో రెండు గుడ్డివి, పాలు రావు. అంటే పన్నెండుమందికి చోటు. తెల్లవారి పనిలోకి వెళ్ళేసరికి మొదటిది పడింది. పావుగంటకొకటి చొప్పున వస్తూనే ఉన్నాయి. మా చెల్లెలు ప్రతిదాన్నీ అందుకోవడం, ముక్కూ నోరూ పాత గుడ్డతో తుడవడం, ఒళ్ళంతా పొడిగా రుద్దడం, బొడ్డు కట్టి కత్తిరించి అయోడిన్ సీసాలో ముంచడం, పెట్టెలో పెట్టడం. పది దాటాయి. పన్నెండు దాటాయి. పద్నాలుగోది కూడా వచ్చాక దొరసాని లేచి అటు తిరిగి పడుకుంది. అయిపోయిందనుకున్నారు. అప్పుడు వచ్చింది పదిహేనోది. గుప్పెట్లో పట్టేంత. కాటా మీద పెడితే ఏడు వందల గ్రాములు.

“ఇదేంటే, తులం బంగారం తూచినట్టు తూస్తున్నావ్?” అన్నాను. నేను పొద్దున్నే మా చెల్లెల్ని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడానికి వచ్చి అక్కడే నిలబడి ఉన్నాను. మూడు రోజులుగా దవడ పన్నుతో ఆమె బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది.

“అయితే వీడి పేరు తులం” అంది చెల్లెలు, వాపు బుగ్గతోనే నవ్వుతూ.

అల్లుడుగారు ఫైలు తెరిచాడు. పేజీ వెతికాడు. గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, ఎనిమిది వందల గ్రాములకు తక్కువున్న పిల్లల మీద శ్రమ పెట్టొద్దని ఇందులో ఉంది. మూడున్నాయి అలాంటివి. చన్నులు కూడా పన్నెండే. లెక్క సరిపోయింది కదా.”

“ఏం లెక్క సరిపోయింది బాబుగారూ?”

“పదిహేనులో మూడు తీసేస్తే పన్నెండు.”

“మరి వీడికి ఆ లెక్క ఎవరు చెబుతారు? మీరు చెబుతారా?” అంటూ తులాన్ని ఆయన ఫైలు మీద పెట్టింది. తులం ఆ పేజీ మీద ఉన్నదంతా ఒకసారి వాసన చూసి, చదవడం అయిపోయినట్టు, ఒంటేలు పోశాడు.

అల్లుడుగారికి నవ్వు వచ్చింది, కోపమూ వచ్చింది. పెద్దరికం గుర్తొచ్చి కోపాన్నే బయటికి తీశాడు. “మీకు వయసు మీద పడుతోందమ్మా. వంగి లేవడం కష్టం. నేను ముందే అనుకున్నాను, మిమ్మల్ని దాణా కొట్టులోకి మారుద్దామని. కుర్చీ ఉంటుంది. హాయిగా కూర్చోవచ్చు.”

నా మొహం మాడిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చేసిన పనిని ఈయన హాయి అంటాడా! మా చెల్లెలికైతే మూడు నిమిషాలు అక్కర్లేకపోయింది.

“పందెం కాద్దామా బాబుగారూ? ముప్పై అయిదో రోజున పాలు మాన్పిస్తాం కదా. ఆ రోజు పదిహేనూ బతికుండాలి. ఏ ఒక్కటీ ఆరు కిలోలకు తగ్గకూడదు. అలా ఉంటే నా కాళ్ళు నడిచినంతకాలం ఈ కొట్టం నాది, వీటి జోలికి మీ ఫైలు రాకూడదు. ఒక్కటి తగ్గినా తాళంచెవులు మీ చేతిలో పెట్టి నేనే వెళ్ళి మీ కుర్చీలో కూర్చుంటాను.”

“సరే” అన్నాడు అల్లుడుగారు.

“దాణా కొట్టంటే అంత శిక్షా? అయితే నేను ముప్పై ఏళ్ళు జైల్లో ఉన్నానన్నమాట” అన్నాను నేను. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక్కడ ఒక మాట విడమర్చాలి. పుట్టిన పిల్లకు తొలి రోజు ముర్రుపాలే ప్రాణం. రోగం రాకుండా కాచే బలమంతా అందులోనే ఉంటుంది. పిల్లలెక్కువై చన్నులు తక్కువైతే బలిసినవి ఎగబడి తాగేస్తాయి, నలుసులు అంచున నిలబడి చూస్తాయి. అందుకని మా చెల్లెలు ఒక పద్ధతి పెట్టుకుంది. పెద్దవాటిని ఎత్తి పెట్టెలో పెట్టి మూత వేస్తుంది. చిన్నవాటిని తల్లి దగ్గర వదులుతుంది. గంట అయ్యాక అటువి ఇటు, ఇటువి అటు. భోజనాల దగ్గర జనం ఎక్కువైతే మొదటి బంతి, రెండో బంతి అని కూర్చోబెడతాం చూడండి, అచ్చం అలాగే. అందుకే కొట్టంలో ఆ మాటే స్థిరపడిపోయింది. “మొదటి బంతి లేచిందా?” “రెండో బంతికి ఇంకా టైముంది.” ఇరవై ఆరేళ్ళలో ఆ మాటకు ఎవరూ అర్థం అడగలేదు.

పందెం కాసిన పూటే చిన్నవాటి బంతి అయింది. మా చెల్లెలు ఆ ఏడింటినీ పెట్టెలోకి చేర్చి, ఎనిమిది పెద్దవాటిని తల్లికి వదిలింది. పదకొండు అయింది. పన్నేమో సుత్తితో కొట్టినట్టు సలుపుతోంది.

“వీటినెవరికి అప్పచెబుతావ్?” అన్నాను. కొట్టంలో ఆ పూట ఇంకెవరూ లేరు.

“బాబుగారికే.”

“పందెం కాసినవాడికా?”

“పందెం పందెమే, పిల్లల పాలు పిల్లల పాలే అన్నయ్యా. ఆయన అంత నీచుడు కాదు.” అని, తలుపు పక్కనున్న నల్లబల్ల మీద సుద్దముక్కతో రాసింది. బుగ్గ నొప్పితో మాట్లాడలేక రాసింది కాబట్టి పొదుపుగా రాసింది:

దొరసానికి రెండు బంతులు. మొదటి బంతి చిన్నవి. రెండో బంతి పెద్దవి. గంటకోసారి మార్చాలి.

అల్లుడుగారు వచ్చి చదివాడు. రెండుసార్లు చదివాడు. “అర్థమైంది, మీరు వెళ్ళిరండమ్మా” అన్నాడు. అంత నమ్మకంగా తలూపాడు. మేము వెళ్ళాం.

పళ్ళ డాక్టరు గదిలో మాకు ముందు తొమ్మిదిమంది. బల్లమీద కూర్చున్నంతసేపూ చెల్లెలు గోడగడియారం చూస్తూ వేళ్ళు ముడుస్తోంది. “ఇప్పుడు చిన్నవి... ఇప్పుడు పెద్దవి...” పక్కన కూర్చున్నావిడ నా వైపు జాలిగా చూసి, ఈమెకు పన్ను ఒక్కటే జబ్బా అని సైగ చేసింది. చివరికి పన్ను పీకారు, నోట్లో దూది కుక్కారు, గంటదాకా నోరు తెరవొద్దన్నారు. నా డెబ్భై ఏళ్ళ జీవితంలో మా చెల్లెలు గంటసేపు మాట్లాడకుండా ఉండటం చూసే భాగ్యం కలిగిందనుకున్నాను. ఆ భాగ్యం కొట్టందాకానే దక్కింది.

కొట్టానికి తిరిగొచ్చేసరికి మూడు. తలుపు తీస్తే కనబడింది ఇది: దొరసాని గది మధ్యలో నిలబడి ఉంది. దాని ముందు ఎర్రటి పెద్ద రబ్బరు బంతి. దాన్ని మూతితో నెడుతోంది, గోడకు కొట్టుకుని తిరిగొస్తే గుర్రుమంటోంది. అల్లుడుగారు ఒక చేత్తో చేతిగడియారం, ఇంకో చేత్తో నిమ్మపండంత పసుపు బంతి పట్టుకుని, క్రికెట్ అంపైరులా అంచున నిలబడ్డాడు.

“సరిగ్గా గంటగంటకూ మారుస్తున్నానమ్మా! ముందు చిన్నది ఇచ్చాను, మింగబోయింది. పెద్దది బాగా నచ్చింది. మీరు చిన్నవి, పెద్దవి అని రాశారు, అది చిన్నది, పెద్దది అని ఉండాలి. నేను సర్దుకుని చదువుకున్నాను.”

మా చెల్లెలు నా వైపు చూసింది. నేను నల్లబల్ల వైపు చూశాను. ఆమె నోట్లో దూది. బుగ్గలు రెండూ సమానంగా ఉబ్బాయి. చేతులు తిప్పుతోంది, పెట్టె చూపిస్తోంది, దొరసాని పొట్ట చూపిస్తోంది, నోటికి ముద్ద పెట్టుకుంటున్నట్టు చేస్తోంది.

“ఏమంటున్నారు?” అన్నాడు అల్లుడుగారు నాతో.

“పిల్లలు తాగారా అంటోంది.”

“పెద్దవి తాగుతూనే ఉన్నాయి. చిన్నవి పెట్టెలో బుద్ధిగా పడుకున్నాయి. కదిలించడమెందుకని...”

ఆమె నోట్లోంచి దూది పీకి పారేసింది. “బంతి అంటే ఆడుకునే బంతి కాదయ్యా! కూర్చుని తినే బంతి! వరస! పంక్తి! మీ ఇంట్లో ఎవరూ బంతిలో కూర్చుని తినలేదా?”

“మా హాస్టల్లో నిలబడే తినేవాళ్ళం” అన్నాడు అల్లుడుగారు చిన్నగొంతుతో. “ముందు నేను బంతిపూలేమో అనుకున్నాను. పందికి పూలెందుకని, తెలివి తెచ్చుకుని ఇవి కొనుక్కొచ్చాను. ఆడుకునే వస్తువు ఇస్తే పంది కుదురుగా ఉంటుందని ఫైల్లో కూడా ఉంది.”

మాటలు సాగుతుండగానే ఆమె మోకాళ్ళ మీద కూర్చుని పెట్టె మూత తీసింది. ఆరు పిల్లలు ఆకలికి కీచుమన్నాయి. తులం అనలేదు. ఆమె చిటికెనవేలు వాడి నోట్లో పెట్టింది. పిల్ల ఆరోగ్యం కనిపెట్టే మీటరు అదే. నోరు వెచ్చగా ఉండి వేలు చీకితే భయం లేదు. నోరు చల్లబడితే ప్రాణం జారుతున్నట్టు.

“చల్లగా ఉంది” అంది. గొంతులో కోపం పోయింది. అది పోయినప్పుడే నాకు భయం వేసింది.

తర్వాత జరిగినదాన్ని నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. ఆరింటినీ దొరసానికి వదిలింది. బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు తెప్పించి తులాన్ని మెడదాకా ముంచింది, తీసి పొడిగుడ్డతో రుద్దింది, మళ్ళీ ముంచింది. “బాబుగారూ, చొక్కా గుండీలు తియ్యండి” అంది. ఆయన తీశాడు. తులాన్ని ఆయన గుండెమీద పెట్టి చొక్కా కప్పేసింది. “కదలకండి. మీరే ఇప్పుడు బల్బు.” దొరసాని పడుకుని, గుర్రుగుర్రుమని పిల్లల్ని పిలిచింది. ఆ పిలుపు వచ్చాక పాలు దిగేది పావు నిమిషం, అంతే. మళ్ళీ ముప్పావుగంట దాకా ఆ చన్నులో చుక్క రాదు. ఆ పావు నిమిషంలోనే మా చెల్లెలు ఉగ్గుగిన్నె పెట్టి పిండుకుంది. ఆ ఉగ్గుగిన్నె మా మేనకోడలు తాగినది, ఇప్పుడు కొట్టం అలమరలో అయోడిన్ పక్కన ఉంటుంది. గిన్నె మూతితో చుక్కచుక్కగా తులం నాలుక మీద వేసింది. మొదటి చుక్క పెదవి పక్కనుంచి జారింది. రెండోదీ జారింది. నాలుగో చుక్కకు గొంతు కదిలింది.

“అమ్మా, కొరుకుతున్నాడు! నన్ను కొరుకుతున్నాడు!” అని అరిచాడు అల్లుడుగారు.

“పాలు వెతుక్కుంటున్నాడు. మీ దగ్గర లేవని చెప్పండి” అంది చెల్లెలు. అప్పుడు నవ్వింది. పీకిన పన్ను చోట ఖాళీ కనబడింది.

ఆ సాయంత్రం ఇంటికి పోబోతూ అల్లుడుగారు తలుపు దగ్గర ఆగాడు. “తప్పు నాది. పందెం రద్దు చేసుకుందాం అమ్మా. వాడు బరువు పెరగకపోతే అది మీ తప్పనిపించుకోకూడదు.”

“పందెం రద్దు చేస్తే మీరు రేపట్నుంచి వాణ్ణి చూడ్డానికి రారు” అంది మా చెల్లెలు. “ఉండనివ్వండి. రండి.”

వచ్చాడు. రోజూ వచ్చాడు. రెండో రోజున పక్కగదిలో ఇంకో పంది ఈనింది, తొమ్మిది పిల్లలు. దాని పేరు గయ్యాళి, గుణం మాత్రం వెన్నపూస. దొరసాని పిల్లల్లో మూడింటిని దానికి దత్తత పంపాలి. అల్లుడుగారు చిన్నవాటిని ఎత్తబోయాడు. “అయ్యో, కొత్తింటికి బలమున్నవాణ్ణి పంపాలి. బక్కవాణ్ణి పంపిస్తే అక్కడ తన్నులు తింటాడు” అని చెల్లెలు మూడు బొద్దువాటిని తీసి, గయ్యాళి కింద పరిచిన తడిగడ్డితో ఒళ్ళంతా రుద్దింది. గయ్యాళి వాసన చూసింది, తనవే అనుకుంది, పడుకుంది. ఇక్కడ పన్నెండు చన్నులకు పన్నెండుమంది మిగిలారు. మూడోరోజుకల్లా ఎవరి చన్ను వాళ్ళు ఖాయం చేసుకున్నారు. పంది పిల్లలు ఒకసారి చన్ను పట్టుకుంటే పాలు మానేదాకా అదే చన్ను, మారరు. తలవైపు చన్నుల్లో పాలు ఎక్కువ. తులానికి తోకవైపు ఆఖరుది దొరికింది. “బస్సుకు ఆలస్యంగా వచ్చినవాడికి ముందు సీటు దొరుకుతుందా?” అన్నాడు మా బావ, పెట్టెకు కొత్త మూత బిగిస్తూ.

మూడోరోజునే ఇనుము ఇంజక్షను. సిమెంటు గచ్చుమీద పెరిగే పిల్లకు తల్లిపాలలో దొరికే ఇనుము చాలదు, తెల్లగా పాలిపోయి డీలా పడుతుంది. అల్లుడుగారి చేత వేయించింది. పదిహేనింటికీ వేసేసరికి ఆయన పాలిపోయాడు. “మీకూ ఒకటి వెయ్యమంటారా?” అని అడిగింది చెల్లెలు.

పదోరోజు నుంచి పెట్టె పక్కన పళ్ళెంలో కాస్త దాణా. గుప్పెడు పెట్టడం, మిగిలింది తీసేయడం, మళ్ళీ తాజాగా పెట్టడం. పాసిపోయిన దాణా పెడితే పిల్లకు విరేచనాలు, మనకు కన్నీళ్ళు. ఆ దాణా మెత్తగా ఆడించినవాణ్ణి నేనే. రిటైరైనా చేతి అలవాటు పోలేదు, రెండుసార్లు జల్లెడ పట్టి తెచ్చి ఇచ్చాను. ఇక్కడ మళ్ళీ బంతులే, కానీ తిరగేసి. పాల దగ్గర చిన్నవాటిది మొదటి బంతి. దాణా దగ్గర చిన్నవాటిది రెండో బంతి. పెద్దవి ముందు మెక్కి, పొట్ట బరువుకు పడి నిద్రపోతాయి. అప్పుడు పళ్ళెం కడిగి, తాజా దాణా నీళ్ళతో నానబెట్టి పెడితే తులమూ, ఇంకో ఇద్దరు బక్కవాళ్ళూ నెమ్మదిగా, ఎవరి తోపులాటా లేకుండా తింటారు. తులం మొదటి వారం పళ్ళెంలో తినలేదు, పళ్ళెంలో కూర్చున్నాడు. రెండో వారం నుంచి తిన్నాడు.

ఎర్రబంతి సంగతి మరిచిపోయాను. దాన్ని మా చెల్లెలు మూలకు విసిరికొట్టింది. మూడో వారంలో పిల్లలే వెతికి పట్టుకున్నాయి. ఒకదాని చెవి ఒకటి కొరుక్కోవడం మాని దాని వెంట పడ్డాయి. “చూశారా, ఫైల్లో ఉంది” అన్నాడు అల్లుడుగారు. మా చెల్లెలు కాసేపు చూసి, “ఆ ఒక్క పేజీ ఉంచుకోండి” అంది. ఇరవై ఆరేళ్ళలో ఆమె ఎదుటివాడి మాట ఒప్పుకోవడం నేను చూసింది అదొక్కసారి.

ముప్పై అయిదో రోజు వచ్చింది. పొద్దున్నే దొరసానినీ గయ్యాళినీ బయటికి తోలారు. పాలు మాన్పించేటప్పుడు తల్లిని తీసుకెళ్ళాలి, పిల్లల్ని కదిలించకూడదు. తెలిసిన గది, తెలిసిన పెట్టె, తెలిసిన దాణా ఉంటే బెంగ సగం తగ్గుతుంది. దొరసాని వెనక్కి తిరిగి చూడకుండా, పెళ్ళి పెద్దలా వెళ్ళిపోయింది. పిల్లలు గంటసేపు గోల చేసి దాణామీద పడ్డాయి.

మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ యజమానిగారు కూడా వచ్చారు. కుర్చీ వేశారు. నేను, బావ గోడకు ఆనుకుని నిలబడ్డాం. అల్లుడుగారు తొందరమీద ఉన్నాడు, కాటా తెప్పించి గది మధ్యలో పెట్టించాడు. మా చెల్లెలు ఏదో చెప్పబోయింది. “తర్వాత అమ్మా, తర్వాత” అన్నాడు. ఆమె తాళంచెవుల గుత్తి కొంగుకు ముడివేసుకుంది.

పన్నెండూ అక్కడ, మూడు పక్కగదిలో. పదిహేనూ బతికున్నాయి. సగం పందెం నెగ్గినట్టే. ఒక్కొక్కటే ఎక్కించారు. తొమ్మిది కిలోలు. ఎనిమిదిన్నర. తొమ్మిదింపావు. దత్తత వెళ్ళిన ముగ్గురూ తొమ్మిది దాటారు. బక్కవాళ్ళు ఇద్దరూ ఆరున్నర. పద్నాలుగు అయ్యాయి. తులం వంతు వచ్చింది. వాడు కాటా ఎక్కనన్నాడు. పట్టుకుంటే జారిపోతాడు. అల్లుడుగారు జేబులోంచి నిమ్మపండంత పసుపు బంతి తీసి కాటా మీదికి దొర్లించాడు. తులం దాని వెనకే ఎక్కి దానిమీద మూతి పెట్టి నిలబడ్డాడు.

“ఆరు!” అన్నాడు అల్లుడుగారు. “ఆరు కిలోలు! అమ్మా, నెగ్గారు!”

బావ ఈలవేశాడు. నేను చప్పట్లు కొట్టబోయాను.

“బంతి తియ్యండి బాబుగారూ” అంది మా చెల్లెలు.

“ఎందుకు, చిన్న బంతే కదా.”

“తియ్యండి.”

తీశాడు. ముల్లు అయిదు కిలోల తొమ్మిది వందల దగ్గర ఆగింది. పిల్లలు గుర్రుపెడుతున్నాయి. మా చెల్లెలు కొంగు ముడి విప్పింది. తాళంచెవులు చేతిలో గలగలమన్నాయి. ఇరవై ఆరేళ్ళు. నేను గోడవైపు తిరిగాను, కంట్లో ఏదో పడింది, దాణా దుమ్ము అనుకోండి.

అల్లుడుగారు తాళాలు తీసుకోలేదు. కాటా వైపు చూశాడు. పడుకుని నిద్రపోతున్న మిగతావాటి పొట్టల వైపు చూశాడు. కడిగి బోర్లించిన పళ్ళెం వైపు చూశాడు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది.

“అమ్మా, బక్కవాళ్ళిద్దరూ పొద్దున్న తిన్నారా?”

“తిన్నారు. వాళ్ళిప్పుడు పెద్దవాళ్ళతోనే తింటున్నారు, నాలుగు రోజులైంది.”

“మరి తులం?”

“వాడిది...” అని మా చెల్లెలు ఆగింది.

“వాడిది రెండో బంతి!” అని అరిచాడు అల్లుడుగారు. “ఇంకా వెయ్యనే లేదు! నేనే తొందరపడి కాటా పెట్టించాను, మీరు చెప్పబోతే ఆపాను. అందరూ తిని తూగారు, వాడొక్కడే ఖాళీ కడుపుతో ఎక్కాడు. ఇది న్యాయం కాదు. మామయ్యగారూ, ఇది న్యాయమేనా?”

యజమానిగారు మోకాలు నిమురుకుంటూ, “నాకు తెలియదు నాయనా. అన్నం పెట్టకుండా లెక్క తేల్చడం మాత్రం తప్పు” అన్నారు.

“రెండో బంతి వెయ్యండి!” అన్నాడు అల్లుడుగారు. ఆ మాటను ఆ ఫారంలో ఆయన సరిగ్గా వాడటం అదే మొదలు.

పళ్ళెం కడిగారు. నా చేత్తో జల్లించిన దాణా, నీళ్ళలో నానబెట్టి, ముందు పెట్టారు. తులం తొందరపడలేదు. పక్కన ఎవరూ లేరని చూసుకున్నాడు. తిన్నాడు. నీళ్ళు తాగాడు. మళ్ళీ తిన్నాడు. అయిదుగురు పెద్దమనుషులం, ఒక పంది పిల్ల భోంచేస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాం. నా పెళ్ళి భోజనం కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు. చివర్లో పళ్ళెం అంచు నాకుతుంటే మా బావ, “ఇంకాస్త వడ్డించండి, మొహమాటపడుతున్నాడేమో” అన్నాడు.

ఈసారి బంతి అక్కర్లేకుండానే కాటా ఎక్కాడు, కడుపు బరువుకు దిగలేకపోయాడు. ఆరు కిలోల యాభై గ్రాములు.

అల్లుడుగారు తాళాల గుత్తి ఆమె చేతిలోంచి తీసుకుని తిరిగి ఆమె కొంగుకే ముడివేశాడు. ముడి సరిగా రాలేదు, మా చెల్లెలు విప్పి మళ్ళీ వేసుకుంది. ఆయన నల్లబల్ల దగ్గరికి వెళ్ళాడు. వచ్చే వారం ఈనబోయే పంది పేరు రాసి, పక్కనే పెద్దక్షరాలతో “రెండు బంతులు” అని రాశాడు. ఒక క్షణం ఆలోచించి, కింద “ఆడుకునేవి కావు” అని కూడా రాశాడు.

“అమ్మా, ఒక సందేహం. మూడో బంతి అంటూ ఒకటి ఉంటుందా?”

“ఎందుకుండదు?” అంది మా చెల్లెలు, చేతులు కడుక్కుంటూ. “అది వడ్డించినవాళ్ళది. పదండి, పొద్దుటినుంచి మనమెవరం ఏమీ తినలేదు.”